పాత ఇంజను బేరం

‘అమ్మబోతే అడివి, కొనబోతే కొరివి’ అన్న సామెతను పుట్టించినవాడెవడో గాని, పాత సరుకు బేరానికి ఎప్పుడో ఒకప్పుడు వెళ్లివచ్చినవాడే అయివుండాలి. కొత్త వస్తువు ధర కంపెనీవాడు నిర్ణయిస్తాడు. మనం పుచ్చుకోవడమో మానుకోవడమో తప్ప చేయగలిగింది తక్కువ. పాతదానికి అచ్చువేసిన ధర ఉండదు. అది ఇంతవరకు ఎంత పనిచేసిందో అమ్మేవాడికి తెలుసు గాని చెప్పడు. ఇంకెంత పనిచేస్తుందో ఎవరికీ తెలియదు. ఈ రెండింటి నడుమనే బేరమంతా నడుస్తుంది.

సికింద్రాబాదులో ఈ విద్య నేర్చుకోదలచినవారికి రాంగోపాల్‌పేటను మించిన బడి లేదు. సేఠ్ రాంగోపాల్ పేరు మీద వెలసిన పేట ఇది. ఒక వంక మహాత్మాగాంధీ రోడ్డు. పాతకాలపువారి నోట అది జేమ్స్ స్ట్రీటు. మరొక వంక కాస్త దూరంలో హుస్సేన్‌సాగరు. ఈ పేట పరిసరాల్లోనే రాణీగంజ్. పంపులు, మోటార్లు, గొట్టాలు, బేరింగులు, బెల్టులు, బోల్టులు—వీధి వీధంతా ఇనుమే. కొత్త సరుకు దుకాణాల నడుమ పాత యంత్రాలను విప్పి, కడిగి, బిగించి అమ్మేవారూ ఉంటారు. జిల్లాల నుంచి బస్సు దిగి భుజాన కండువాతో, బొడ్లో డబ్బుతో వచ్చే రైతును ఈ వీధి దూరం నుంచే ఆనవాలు పడుతుంది.

ఆయిలింజను ఇంకా ఎవరికి కావాలి?

తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి ఇరవైనాలుగు గంటల ఉచిత విద్యుత్తు ప్రవేశపెట్టారు కదా, ఇంకా ఈ డీజిలు ఇంజను ఎందుకని కొందరికి సందేహం రావచ్చు. కరెంటు తీగ చేరని వాగు ఒడ్లున్నాయి. అంతకన్న ముఖ్యం, కౌలుదారులున్నారు. పొలం ఒకరిది, కనెక్షను వారిది, పంట మాత్రం కౌలుదారుది. ఈ యేడు ఇక్కడ, వచ్చే యేడు మరొక చోట దున్నుకునేవాడికి బండి మీద వేసుకుని తీసుకుపోగల ఇంజనే దిక్కు. కొత్తది కొనే స్తోమతు ఉంటే అతడు రాణీగంజ్ సందుల్లో పాతది వెదకనే వెదకడు.

ఈ ఇంజనులకు పెద్ద వంశవృక్షమే ఉంది. ఇంగ్లండులో డర్స్‌లీ అనే ఊరి లిస్టరు కంపెనీవారి నెమ్మది నడక ఇంజను మనదేశంలో ఎంతగా పాతుకుపోయిందంటే, రాజ్‌కోటలో దాని పోలికతో ఇంజనులు పోతపోసి దశాబ్దాల తరబడి అమ్మారు. కిర్లోస్కరువారి ఆయిలింజనుల కంపెనీ 1946లో వెలసింది. నిమిషానికి 650 చుట్లు తిరిగే ఆ పాత రకం ఇంజనులు బరువైనవే గాని, గట్టివి. బాగుచేయడానికి వీలైనవి కనకనే అవి చేతులు మారుతూ ఉంటాయి.

తాకి చూడవలసినవి

ఎద్దును కొనేవాడు ముందు దాని పెదవి ఎత్తి పళ్లు చూస్తాడు. ఇంజనుకు పళ్లు లేవు గాని, ముందుగా చెయ్యి వేయవలసిన చోటు ఒకటుంది: సిలిండరు తల. మనం వెళ్లేసరికి అది వెచ్చగా ఉన్నదంటే దుకాణదారు అప్పటికే ఒకసారి నడిపి ఆపాడన్నమాట. డీజిలు ఇంజనులో నిప్పురవ్వ ఉండదు. లోపలి గాలిని 16 నుంచి 20 రెట్ల దాకా నొక్కితే పుట్టే వేడికే నూనె అంటుకుంటుంది. రింగులు, బోరు అరిగిపోతే గాలి పక్కల నుంచి జారిపోతుంది. చల్లని ఇంజను ఓ పట్టాన అంటుకోదు. వేడిగా ఉన్నప్పుడు మాత్రం ఆ జబ్బు బయటపడదు. కనక, “చల్లారనీయండి, టీ తాగివస్తాం” అనడమే తెలివైన పని.

తరువాత రంగు. పైన పటారం, లోన లొటారం అన్నది ఇలాంటి వాటిని చూసే అన్నారు. నిగనిగలాడే కొత్త రంగు దోషం కాదు. ఆ రంగు కింద ఏముందన్నదే ప్రశ్న. వెల్డింగు గీతలు, పగుళ్లు, తలలు అరిగిపోయిన బోల్టులు వెతకండి. బోల్టు తల గుండ్రబడిందంటే దాన్ని చాలాసార్లు విప్పారని అర్థం.

ఇంజను ఆయిలు చుక్కను వేళ్ల నడుమ రాసి చూడండి. నల్లగా ఉంటే బెంగలేదు. డీజిలు ఇంజనులో ఆయిలు తొందరగానే నల్లబడుతుంది. పాలు కలిపినట్లుంటే నీళ్లు చేరాయి. ఇనపరజను తళుక్కుమంటే లోపల ఏదో అరుగుతున్నది. తేనెలా స్వచ్ఛంగా ఉంటే నిన్ననో మొన్ననో మార్చారు. పాత ఆయిలుతోపాటు సాక్ష్యమూ పోయింది.

ఫ్లైవీలును రెండు చేతులా పట్టి పైకీ కిందికీ ఊపితే కదలకూడదు. హ్యాండిలుతో మెల్లగా తిప్పితే ఒకచోట స్ప్రింగులా ఎదురుతన్నాలి. ఆ ఎదురుతన్నే దాని ఆయుష్షు.

పొగ చెప్పే సాక్ష్యం

ఎన్ని తిప్పులకు అంటుకున్నదో లెక్కపెట్టండి. చల్లని ఇంజను మొదట్లో కాసేపు తెల్లపొగ వదిలితే తప్పులేదు. వేడెక్కాక నీలిపొగ వదిలితే ఇంజను ఆయిలునే తాగుతున్నది; రింగులో, వాల్వు గైడులో పోయాయి. నల్లపొగ అయితే నూనె ఎక్కువో, గాలి తక్కువో, బరువు ఎక్కువో అయింది. వీటిలో కొన్ని నాజిల్ మారిస్తే, గాలి జల్లెడ శుభ్రం చేస్తే పోయే చిన్న జబ్బులే. బ్రీదరు దగ్గర అరచెయ్యి పెట్టి చూడండి. గుప్పుగుప్పున పొగ కొడుతుంటే రింగుల సంగతి తేలిపోయినట్లే.

ఉత్తినే తిరిగే ఇంజను ఏదైనా ముద్దుగానే తిరుగుతుంది. పంపు తగిలించి కనీసం అరగంట నీళ్లు తోడించాలి. గుర్తు గీసిన సీసాతో నూనె పోసి ఎంత తాగిందో చూడాలి. 5 గుర్రాల శక్తి గల ఇంజను పూర్తి బరువు మీద గంటకు సుమారు లీటరు, లీటరుంబావు తాగుతుంది. అరిగినది గంటకు పావులీటరు ఎక్కువ తాగిందనుకోండి. యేడాదికి 500 గంటలు నడిస్తే 125 లీటర్లు. లీటరు వంద రూపాయల చొప్పున 12,500 రూపాయలు. దుకాణంలో రెండువేలు తగ్గించుకున్నామని సంబరపడి, పొలంలో యేటేటా పన్నెండువేలు పొగబెట్టుకున్నట్లవుతుంది.

ఒక బేరం

మాకు చిన్నాన్న వరస అయ్యే ఒకాయన కౌలు పొలానికి ఇంజను కొంటూ నన్ను వెంట తీసుకుపోయాడు. నాట్లు పడి పదిరోజులయింది. వాన మొగం చాటేసింది. వాగులో నీరుంది, పొలం నోరు తెరుస్తున్నది. ఆయన దారిలో నాతో అన్న మాట ఒక్కటే: “నాకు తొందరున్నదని ఆడ అనకు బిడ్డా.” ఊరి మెకానిక్కును కూడా వెంట తెచ్చుకున్నాడు. అతనికి రోజుకూలీ ముందే చేతిలో పెట్టాడు. దుకాణదారు దగ్గర కమిషను ఆశించే మెకానిక్కు కన్ను రెండువైపులా చూస్తుందని ఆయన నమ్మకం.

సేటు 24,000 అన్నాడు. “మంచి పీసు పెద్దాయనా, ఒక్క చేతి మీద నడిచింది. కళ్లు మూసుకుని తీసుకుపో.”

“కండ్లు మూసుకుంటే పొగ కనబడది గద సేటూ,” అన్నాడు చిన్నాన్న. పరీక్షంతా అయింది. మెకానిక్కు నేల మీద సుద్దముక్కతో రాశాడు: రింగులు, నాజిలు, ఒక బెల్టు, పనికూలీ—మొత్తం 5,500.

“గివన్నీ నువ్వేసిస్తే నీ ధరకు దగ్గరికొస్త. నేనేసుకుంటే గివి తీసి చెప్పు.”

సేటు నవ్వాడు, విసుక్కున్నాడు, మరొక రైతు పొద్దున్నే అడిగిపోయాడన్నాడు. చిన్నాన్న మారుమాట అనలేదు. ఇంజనును ఒక్కమాట తిట్టలేదు. కండువా దులిపి అరుగు మీద కూర్చున్నాడు. ఆ మౌనం నాకు గంటలా తోచింది. ఆయన గుండెలో పొలం ఎలా మెదులుతున్నదో నాకు తెలుసు. చివరకు సేటే నోరు విప్పాడు. రింగులు, నాజిలు తానే వేసి, హ్యాండిలు, పుల్లీ, పునాది బోల్టులు కలిపి, 19,500. వెయ్యి బయానా పెట్టి, మర్నాడు రిపేరయ్యాక మళ్లీ చల్లగా నడిపించి చూసి, ఇంజను నంబరు వేసిన రశీదు పుచ్చుకుని మిగతాది చెల్లించాడు.

అందులోని కిటుకు

పశువుల సంతలో దళారులు కండువా కింద చేతులు కలిపి వేళ్లతో ధర పలికిస్తారు. పక్కవాడికి తెలియకూడదనే గాని, అందులో మాటల గారడీ లేదు. ఇంజను బేరమూ అంతే. “తగ్గించు, తగ్గించు” అని బతిమాలడం బేరం కాదు. ప్రతి లోపానికి రూపాయల్లో పేరు పెట్టడమే బేరం. కొనేవాడు ఇంటి దగ్గరే ఒక అంకె రాసుకుని రావాలి. అది దాటితే లేచిపోవాలి. అవసరం మొగాన కనబడనీయకూడదు.

వీలైతే అవసరానికి ముందే కొనాలి. అమెరికాలో మిన్నెసోటా, మిచిగన్ వంటి చలిప్రాంతాల్లో కాపురమున్న తెలుగువారికి ఈ సంగతి బాగా తెలుసు. ఇంటి ముందు పేరుకున్న మంచును ఎగజిమ్మే యంత్రాన్ని పాతది కొనదలచినవారికి మంచు కురిసే వారంకన్న ఎండాకాలమే మేలు. అక్కడా మొదటి పరీక్ష చల్లని ఇంజనే. మనకు మంచుకు బదులు ఎండ. ఎండిన పొలం వెనక ఉంచుకుని చేసే బేరంలో సగం ఓటమి ముందే ఉంటుంది.

ఇంకొకటి. ఎంత గొప్ప పంపయినా నీటిని లెక్క ప్రకారం పది మీటర్లకు మించి పీల్చలేదు. ఆచరణలో ఆరేడు మీటర్లే. వాగు గట్టు ఎత్తు కొలవకుండా కొని, తరువాత ఇంజనును ఆడిపోసుకుని లాభంలేదు.

బేరమాడడమంటే అవతలివాడిని ఒట్టిచేతులతో పంపడమనుకునేవారు కొందరున్నారు. యంత్రం ఇంటికి చేరినంత మాత్రాన దుకాణంతో రుణం తీరదు. నడివేసవిలో నాజిలు మొరాయిస్తే, పంట మీద ప్రాణం పెట్టుకుని మళ్లీ ఆ సందులోకే పరుగెత్తాలి. ఆ రోజున సేటు మనలను చూసి స్టూలు జరిపి కూర్చోమనేటంత లాభం అతనికి మిగల్చడం కూడా కొనేవాడు వేసుకోవలసిన లెక్కల్లో ఒకటి.