సాంకేతికలేఖనవృత్తి – తత్సంఘచరిత్రము

మందుపెట్టెలో మడిచియుంచిన కాగితమును, కుట్టుమిషనుతోగూడ వచ్చెడి చిన్నపుస్తకమును, విమానములను మరమ్మతుచేయు శాలలోని సంపుటములును ఎవరో యొకరు వ్రాసినవే. కాని వానిపై తయారుచేసిన కంపెనీ పేరేకాని వ్రాసినవాని పేరు కానరాదు. ప్రాచీనకావ్యమునకు కర్త యెవరో తెలియుటకు ఆశ్వాసాంతగద్యమును చూతుము. ఈ వాఙ్మయమునకు గద్యయే లేదు. ఐనను దీనిని వ్రాయుట యొక జీవనవృత్తి. ఇంగ్లీషున దీనికి టెక్నికల్ రైటింగు అని పేరు. తెలుగున సాంకేతికలేఖన మనవచ్చును. ఈ వృత్తివారు అమెరికాదేశమున 1953లో నెలకొల్పుకొన్న సంఘము డెబ్బదియేండ్లకు పైగా నడచి 2025 జనవరిలో మూతపడినది. పేరులేని రచయితలకు సంఘ మేల కావలసివచ్చెనో, అది యేల నిలువకపోయెనో విచారింపదగియున్నది.

ఈ లేఖనమునకు విషయమునుబట్టి లక్షణము చెప్పిన చాలదు, చదువరినిబట్టి చెప్పవలయును. భౌతికశాస్త్రగ్రంథమును చదువువాడు తెలిసికొనుటకు చదువును. విధానపుస్తకమును చదువువాడు పనిచేయుటకు చదువును. అతని కొకచేత పుస్తకము, రెండవచేత స్క్రూడ్రైవరు నుండును. అతడు మొదటిపుట మొదలుకొని కడపటిపుటవరకు చదువడు. చిక్కు వచ్చినచోట తెరచును, చిక్కు వీడినంతనే మూయును. వాక్యము బాగున్నదని మెచ్చుటకై అతడాగెనేని పని చెడినట్లే. కావున ధ్వనియు, శ్లేషయు నిచ్చట దోషములగును. కావ్యమున దోషమైన పునరుక్తి గుణమగును.

ఈ మర్మమును మొదట నెరిగినవారిలో ఆంగ్లకవి ఛాసరు ఒకడు. అతడు 1391లో ఆస్ట్రోలేబను జ్యోతిర్యంత్రముయొక్క వాడుకనుగూర్చి పదియేండ్ల బాలుడగు లూయిసుకొరకు ఒక గ్రంథమును వ్రాసెను. బాలునికి లాటిను అంతగా రాదు గావున ఇంగ్లీషున వ్రాసితిననియు, పసివాడొకసారి మరచుటకంటె మంచిమాటను రెండుమారులు వ్రాయుట మేలనియు పీఠికలో సమాధానము చెప్పుకొనెను. తలపెట్టిన యైదుభాగములలో రెండుమాత్రమే నేడు దొరకుచున్నవి. అంతకు పూర్వమే మన పావులూరి మల్లన మహావీరాచార్యుని గణితసారసంగ్రహమును తెలుగు పద్యములలోనికి తెచ్చియున్నాడు. కాని రెంటికిని భేదము గలదు. పద్యము ధారణకొరకైనది, అర్థమును విప్పిచెప్పుటకు గురువు చెంతనుండును. సాంకేతికలేఖకునకు ఆ గురువు తోడు లేదు. పుస్తకముతప్ప వేరుగతిలేని చదువరిని మనస్సున నిలుపుకొనియే యతడు కలము పట్టవలయును.

ఇది ప్రత్యేకవృత్తియైనది ఇరువదవ శతాబ్దముననే. అంతకుముందు యంత్రమును కల్పించిన ఇంజనీరే దాని వాడుకనుగూర్చి నాలుగుమాటలు వ్రాసి యిచ్చుట పరిపాటి. యంత్రమును తుదముట్ట నెరిగినవానికి ఇతరులకేమి తెలియదో తెలియదు. అతడు వ్రాసినది తరచుగా అతనికే బోధపడును. రెండవ ప్రపంచయుద్ధమున ఈ పద్ధతి సాగలేదు. పొలములనుండియు దుకాణములనుండియు సైన్యమున చేరిన యువకులు కొలదికాలములో రాడారులను, విమానపు ఇంజనులను బాగుచేయ నేర్వవలసివచ్చెను. నేర్పువారు తక్కువ, యంత్రములు పెక్కు. ఆ లోటును తీర్చినది పుస్తకమే. యుద్ధానంతరమున 1949లో ఫిలడెల్ఫియాయందలి ఎకర్టు–మాక్లీ కంపెనీవారు నార్త్‌రప్ విమానకంపెనీకొరకు బైనాక్ అను కంప్యూటరును నిర్మించినపుడు, జోసెఫ్ చాప్లైన్ అనునతడు దానికి విధానపుస్తకమును రచించెను. కంప్యూటరులకు పుట్టిన విధానపుస్తకములలో ఇదియే మొదటిదని పలువురు గణింతురు.

పనియొక్క కాఠిన్య మెట్టిదో విమానములవలన స్పష్టపడును. విమానపు విధానపుస్తకములు ఇంగ్లీషున నుండును. చదివి మరమ్మతు చేయువారిలో చాలమందికి ఇంగ్లీషు మాతృభాష కాదు. ఒకమాటకు రెండర్థములున్నచో వాడు రెండవయర్థమును గ్రహించుటకు అవకాశము గలదు; దాని ఫలము ఆకాశమున తేలును. అందుచే ఐరోపాలోని విమాననిర్మాతల సంఘమువారు 1986లో నియతమైన ఇంగ్లీషునకొక మార్గదర్శిని ప్రకటించిరి. అదియే పెరిగి నేడు సింప్లిఫైడ్ టెక్నికల్ ఇంగ్లీషను పేర వ్యవహరింపబడుచున్నది. పాణిని వృద్ధియను మాటకు ఆ, ఐ, ఔ లను అర్థమును నియమించినట్లు, ఇందును ప్రతిపదమునకు ఒక్క యర్థము, ఒక్క వ్యాకరణస్థానము నియమితములు. మొదలుపెట్టుట యను నర్థమున "స్టార్ట్" అను మాటయే గ్రాహ్యము. "బిగిన్", "కమెన్స్", "ఇనిషియేట్" అనునవి త్యాజ్యములు. "క్లోజ్" అనగా మూయుటయే. దగ్గర యను నర్థమున దానిని వాడరాదు. "ఫాలో" అనగా వెంటవచ్చుట. నియమమును పాటించుట యనుటకు "ఒబే" అనవలయును. పని చెప్పు వాక్యము ఇరువదిమాటలను మించరాదు. వర్ణించు వాక్యమునకు ఇరువదియైదు మాటలవరకు సెలవు గలదు. మూడు పదములకు మించి నామపదములను గుదిగ్రుచ్చరాదు. మన ప్రబంధకవులకు ఈ చివరి నియమము వినిపించినచో ఏమందురో!

నియమములలో మిక్కిలి విలువైనది హెచ్చరికకు సంబంధించినది. ప్రమాదసూచన చేయదలచిన పనికి ముందుండవలయును గాని పిదప నుండరాదు. "తీగను విప్పుము; అంతకుముందే విద్యుత్తును ఆపియుండవలయును" అని వ్రాసినవాని వాక్యమున వ్యాకరణదోష మేమియు లేదు. కాని మొదటిసగము చదివినవాని చేయి అప్పటికే తీగపై నుండును.

తెలుగున నీ చిక్కు మరింత యెక్కువ. మన వాక్యమున క్రియ తుదనుండును. నిషేధమును దానితోడనే వచ్చును. "ఈ మందును పాలతోగాని, పండ్లరసముతోగాని, భోజనమునకు ముందుగాని తీసికొనరాదు" అను వాక్యమున, రోగి కడవరకు చదివినగాని అది విధియో నిషేధమో తెలియదు. అక్షరములు చిన్నవై కన్ను మధ్యలో జారెనా, విపరీతార్థమే మిగులును. "నీరు కలుపక వాడరాదు" అను రెండు నిషేధముల వాక్యముకంటె "నీరు కలిపియే వాడవలయును" అనుట మేలు. ఇట్టి సంగతులు మన వ్యాకరణగ్రంథములకు ఎక్కలేదు, ఎక్కదగినవి.

ఇక సంఘముమాట. 1953లో అమెరికా తూర్పుతీరమున ఈ వృత్తివారి సంఘములు రెండు పుట్టెను. అవి 1957లో ఒక్కటియై సాంకేతికలేఖకులయు సంపాదకులయు సంఘమయ్యెను. 1960లో పశ్చిమతీరపు ప్రచురణకర్తల సంఘముకూడ కలిసి సాంకేతికలేఖకులయు ప్రచురణకర్తలయు సంఘమని పేరు మారెను. 1971లో "సొసైటీ ఫర్ టెక్నికల్ కమ్యూనికేషన్" అను పేరు స్థిరపడెను. ఈ నామపరిణామము గమనింపదగినది: లేఖకుడను మాట మొదట ఒంటిగా నుండెను, పిమ్మట తోడుతో నుండెను, తుదకు పేరునుండియే తొలగెను. బొమ్మలు గీయువారు, చలనచిత్రములు తీయువారు, పిదప కంప్యూటరుతెరపై సహాయవాక్యములు కూర్చువారు చేరుచుండగా వృత్తి విస్తరిల్లెననుట సత్యమే. కాని తామెవరో యొక్కమాటలో చెప్పలేకపోవుట అప్పటినుండియే మొదలయ్యెననవచ్చును.

సంఘమువారు ఒక త్రైమాసికపత్రికను నడిపిరి, నగరనగరమున శాఖలు నెలకొల్పిరి. భారతదేశమునను ఒక శాఖ యుండెను. అన్నిటికంటె మేలైనది వారి పోటీ. సభ్యులు తాము వ్రాసిన విధానపుస్తకములను పంపుదురు. అదే పని చేయువారు వానిని పరీక్షించి, గుణదోషములను వ్రాతపూర్వకముగా తెలుపుదురు. కంపెనీలో ఆ రచనను శ్రద్ధగా చదివి తీర్పుచెప్పగలవాడు తరచుగా ఒక్కడును ఉండడు; అమ్మకమునకు ముందునాడు పుస్తకము ముగిసినదా లేదా యనియే అడుగుదురు. కర్తకు పేరు దొరకిన చోటు, సమానులచేత తీర్పు దొరకిన చోటు ఈ పోటీయొక్కటియే. పేరులేని రచయితలకు సంఘమేల యను ప్రశ్నకు ఇంతకంటె మంచి సమాధానము లేదు.

మరి యేల నిలువలేదు? సభ్యసంఖ్య తగ్గుటయు, అప్పులభారము పెరుగుటయు ప్రత్యక్షకారణములు. 2025 జనవరిలో కార్యకలాపము లాపి, దివాలాన్యాయమును శరణుజొచ్చుచున్నామని పాలకవర్గము తెలిపెను. కాని లోతైన కారణము వేరొకటి. న్యాయవాదికిని వైద్యునికిని పట్టాలేనిదే పని లేదు. సాంకేతికలేఖకునకు పట్టాతో పనిలేదు. సంఘము ప్రవేశపెట్టిన యోగ్యతాపత్రమును తప్పనిసరిగా కోరిన శాసన మేదియు లేకపోయెను. సంఘమున చేరనివానికిని ఉద్యోగము దొరకును. చందాకు ప్రతిఫలముగా దొరకునది సాహచర్యము, విమర్శ. ఇవి అచ్చటచ్చట ఉచితముగా దొరకనారంభించినపిదప చందాదారులు తొలగిపోయిరి. వాక్యములను తామే అల్లు యంత్రములు 2022 తరువాత వ్యాపించుటతో, లేఖకుడే యక్కరలేదను యజమానులును బయలుదేరిరి. మూత విప్పిచూచి, వ్రాసినది నిజమో కాదో పరీక్షించుటయే ఆ వృత్తిలో సగమని వారికి తోచలేదు.

జర్మనీలో 1978లో పుట్టిన తత్సమానమైన సంఘము నేటికిని పుష్టిగా నున్నది. అందుకు కారణము జర్మనుల సంఘప్రీతియే యని త్రోసివేయరాదు. విధానపుస్తకములేని యంత్రమును అమ్మరాదనియు, అది కొనువాని దేశభాషలో నుండవలయుననియు ఐరోపా సమాఖ్యవారి 2006నాటి యంత్రనిబంధన విధించెను. పుస్తకము అలంకారము గాక యంత్రములో నొకభాగమని చట్టమన్నచోట, దానిని వ్రాయువానికిని స్థానమేర్పడును.

మనదేశమునను ఒక్క విషయమున నిట్టి చట్టము గలదు. 1971నాటి క్రిమిసంహారకముల నిబంధనలనుబట్టి ప్రతిడబ్బాతోడను ఒక కరపత్రముండవలయును. హిందీ, ఇంగ్లీషులతోబాటు అమ్ముప్రాంతపు భాషయు నుండవలయును. డబ్బాపై కోణముమీద నిలిచిన చతురస్రమున విషతీవ్రతనుబట్టి ఎరుపు, పసుపు, నీలము, ఆకుపచ్చ రంగులు వేయుదురు. చదువురానివానితో రంగుచేత మాటాడుట మెచ్చదగిన యుపాయమే. కాని ఆకుపచ్చయు విషమేయని ఆ రంగు చెప్పదు.

హైదరాబాదు కంపెనీలలో సాంకేతికలేఖనముచే జీవించు తెలుగువారు పలువురున్నారు. వారు వ్రాయునది ఇంగ్లీషు, చదువువారు విదేశీయులు. పత్తిచేలో నిలిచినవానికి చేరునది మాత్రము ఇంగ్లీషునుండి మాటకుమాటగా తెచ్చిన తెలుగు. అందు మందుమోతాదు సాధారణముగా హెక్టారునకు చెప్పబడును. మన రైతు ఎకరములతో లెక్కించును. హెక్టారనగా సుమారు రెండున్నర ఎకరములు. హెక్టారునకు 500 మిల్లీలీటర్ల మందును 500 లీటర్ల నీటిలో కలుపవలయునని పట్టికలో నున్నదనుకొందము. రైతు వీపుననున్న డబ్బాలో పట్టునది 16 లీటర్లు. ఆ డబ్బాకు 16 మిల్లీలీటర్లు చాలునను వాక్యము కరపత్రములో నుండదు. ఆ భాగహారమును గట్టుమీద నిలిచి చేయువాడు లేడు. సీసా మూతయే కొలత యగును. మూత యెన్ని మిల్లీలీటర్లు పట్టునో యెచ్చటను వ్రాసియుండదు.