హాని ఒక దేశంలో, ప్రతివాది మరొక దేశంలో

ఒప్పందంతో నిమిత్తం లేకుండా, ఒకరి చర్య వలన మరొకరి ప్రాణానికి, శరీరానికి లేక సొత్తుకు కలిగే హానిని ఆంగ్ల న్యాయశాస్త్రం ‘టార్టు’ అంటుంది. ఇరుపక్షాలూ ఒకే ఊరివారైతే దావా ఎక్కడ వేయాలన్న చిక్కు రాదు. వారు వేర్వేరు దేశాలవారైనప్పుడు మాత్రం, పరిహారం ఎంత అన్నదానికంటే ముందు, విచారించే అధికారం ఏ న్యాయస్థానానికి ఉన్నదన్న ప్రశ్న తలెత్తుతుంది.

ఈ అధికారానికి సాధారణంగా రెండు ఆధారాలు గుర్తింపు పొందాయి. మొదటిది హాని జరిగిన స్థలం, రెండవది ప్రతివాది నివాసం. 1908 నాటి భారత సివిల్ ప్రొసీజర్ కోడ్‌లోని 19, 20 సెక్షన్లు కూడా ప్రధానంగా వీటిమీదనే ఆధారపడి ఉన్నాయి. తాను నివసించే ఊరన్న ఒక్క కారణంతో వాది అక్కడ దావా వేయజాలడు.

అధికారం ఉన్న న్యాయస్థానం సైతం విచారణకు నిరాకరించవచ్చు. ఇందుకు భోపాల్ దుర్ఘటన ప్రసిద్ధ ఉదాహరణ. 1984 డిసెంబరు 2–3 తేదీల నడిమి రాత్రి యూనియన్ కార్బైడ్ కర్మాగారం నుండి వెలువడిన విషవాయువు వేలాది మందిని బలిగొన్నది. ఆ భారతీయ కంపెనీలో సగానికి పైగా వాటా అమెరికాలోని మాతృసంస్థది. బాధితులందరి తరఫున వ్యవహరించే హక్కును 1985 నాటి ప్రత్యేక చట్టం ద్వారా పొందిన భారత ప్రభుత్వం న్యూయార్క్‌లో దావా వేసింది. ఇంతటి వ్యాజ్యాన్ని తన న్యాయస్థానాలు సక్రమంగా తేల్చలేవని భారత ప్రభుత్వమే వాదించింది. అవి సమర్థమైనవేనని అమెరికా కంపెనీ వాదించింది!

1986 మే 12న న్యాయమూర్తి జాన్ కీనన్ దావాను తోసిపుచ్చారు. తమకు అధికారం లేదన్నది ఆయన చెప్పిన కారణం కాదు. బాధితులు, సాక్షులు, దస్తావేజులు భారతదేశంలో ఉన్నందున విచారణకు తగిన చోటు అదేనన్నారు. కంపెనీ భారత న్యాయస్థానాల అధికారానికి లోబడాలని షరతు విధించారు. వ్యాజ్యం భోపాల్‌కు తరలింది. చివరకు 1989 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఎదుట 47 కోట్ల డాలర్లకు రాజీ కుదిరింది. అదనపు పరిహారం కోరుతూ కేంద్ర ప్రభుత్వం వేసిన క్యూరేటివ్ పిటిషన్ 2023 మార్చిలో కొట్టివేయబడింది.

ఈ సమస్య ఇస్లామీ ఫిఖహ్‌కు కొత్తది కాదు. న్యాయనిర్ణయం ‘విలాయత్’ మీద, అనగా పాలనాధికారం మీద ఆధారపడుతుందని హనఫీ ఫుఖహాలు చెప్పారు. ఇమామ్ మర్గీనానీ ‘హిదాయా’లో ఒక ఉదాహరణ ఉన్నది. ఒక ముస్లిం అమాన్ పొంది, అంటే అభయం తీసుకుని, శత్రురాజ్యానికి వెళ్లాడు. అక్కడ ఒకరి సొత్తును అన్యాయంగా కాజేశాడు. ఆ తరువాత సొత్తుగలవాడు ఇస్లాం స్వీకరించి ముస్లిం రాజ్యానికి వచ్చాడు. ఖాజీ ఈ విషయంలో తీర్పు ఇవ్వడు. అయినప్పటికీ ఆ సొత్తును తిరిగి ఇచ్చివేయవలసిందిగా ఫత్వా మాత్రం ఆదేశిస్తుంది. ఎందుకంటే అతడు అమాన్‌కు ద్రోహం చేశాడు. ఇమామ్ షాఫియీ దృష్టిలోనైతే ప్రదేశం మారినంత మాత్రాన హక్కుబాధ్యతలు మారిపోవు.

ఇక్కడ రెండు విషయాలను వేరుచేసి చూడవలసి ఉన్నది. ‘ఖజాఅన్’ అంటే ఖాజీ తీర్పు దృష్ట్యా; ‘దియానతన్’ అంటే అల్లాహ్ ఎదుట బాధ్యత దృష్ట్యా. మొదటిదానికి సరిహద్దులు ఉన్నాయి, రెండవదానికి లేవు.

ఈ భేదం నేటికీ అవసరమైనదే. గల్ఫ్‌లో యజమాని నిర్లక్ష్యం వలన గాయపడి తెలంగాణకు తిరిగివచ్చిన కార్మికుని సంగతి తీసుకోవచ్చు. హాని జరిగింది అక్కడ. ప్రతివాది ఉన్నదీ అక్కడే. కనుక ఆ యజమానిపై స్వగ్రామపు కోర్టులో దావా సాధారణంగా నిలువదు. వైద్య పత్రాలు, పోలీసు నివేదిక అక్కడ ఉండగానే సేకరించుకోవటం, తన తరఫున వ్యవహరించేందుకు మరొకరికి అధికారపత్రం ఇవ్వటం అతనికి మేలు. ఇక యజమాని విషయానికి వస్తే, కార్మికుడు విమానమెక్కి వెళ్లిపోయినందువలన అతని హక్కు తీరిపోలేదు. ఒక న్యాయస్థానం తలుపు మూసుకున్నప్పుడు వాదికి దారి దూరమవుతుందే గాని, ప్రతివాది మెడపై ఉన్న రుణం మాఫీ కాదు.