కోసిన పండుకి నిమ్మరసం ఏం చేస్తుంది?

తరిగిన వంకాయల్ని ఉప్పు నీళ్లలో, అరటికాయ ముక్కల్ని, అరటిపువ్వుని పల్చటి మజ్జిగలో వేయడం మన వంటిళ్లలో పాత అలవాటే. లేకపోతే ముక్కలు నల్లబడి కనరెక్కుతాయి. పిల్లల టిఫిన్ బాక్సులో ఆపిల్ ముక్కలు పెట్టేవాళ్లకీ, పండ్ల ముక్కలు డబ్బాల్లో అమ్మేవాళ్లకీ ఉన్న బెడద కూడా ఇదే.

ఆపిల్ కణంలో ఫినాల్ పదార్థాలు ఒక అరలో, పాలీఫినాల్ ఆక్సిడేజ్ అనే ఎంజైమ్ మరో అరలో ఉంటాయి. కత్తి పడగానే అరలు చిరిగి రెండూ కలుస్తాయి. గాలిలోని ఆక్సిజన్ తోడై ఫినాల్స్ క్వినోన్లుగా మారతాయి. అవి ఒకదానికొకటి అతుక్కుని గోధుమ రంగు తేలుతుంది. మొద్దు కత్తితో కోస్తే కణాలు ఎక్కువ నలిగి రంగు త్వరగా మారేది అందుకే. టీ ఆకు నల్లబడేదీ ఈ ఎంజైమ్ వల్లే, కాకపోతే అక్కడ కావాలనే నలుపుతారు.

నిమ్మరసం దీన్ని ఒక్కచోట కాదు, మూడు చోట్ల అడ్డుకుంటుంది. ఈ ఎంజైమ్‌కి పీహెచ్ 5 నుంచి 7 దాకా బాగుంటుంది. 3 కంటే దిగితే దాదాపు పని మానేస్తుంది. నిమ్మ పులుపు అంతకంటే గట్టిది. పైగా ఎంజైమ్ పనిచేయడానికి రాగి కావాలి, ఆ రాగిని సిట్రిక్ ఆమ్లం పట్టేసుకుంటుంది. ఇక విటమిన్ సి, అప్పటికే పుట్టిన క్వినోన్లను తిరిగి ఫినాల్స్‌గా మార్చేస్తుంది. చిక్కల్లా, అలా మార్చిన కొద్దీ తానూ ఖర్చయిపోతుంది. పొద్దున తెల్లగా ఉన్న ముక్కలు మధ్యాహ్నానికి రంగు తిరగడానికి కారణం ఇదే. కప్పు నీళ్లలో చెంచాడు రసం కలిపి, ముక్కల్ని కాసేపు ముంచి తీసి, మూతపెట్టి ఫ్రిజ్‌లో పెడితే ఎక్కువసేపు నిలుస్తాయి. చల్లదనానికి ఎంజైమ్ వేగం తగ్గుతుంది.

నలుపును ఆపడానికి నిమ్మకు బదులు వేరేవీ ఉన్నాయి. ఉసిరిలో విటమిన్ సి నిమ్మకంటే కొన్ని రెట్లు ఎక్కువ, కానీ వగరు కూడా ఎక్కువే. పైగా ఇనప కత్తిపీట మీద ఉసిరి నల్లబడటం వేరే సంగతి: అది దాని టానిన్లకీ ఇనుముకీ జరిగే చర్య. అనాస రసం పండ్ల ముక్కలకు రుచిలోనూ ఒప్పుతుంది, అందుకే నా ఓటు దానికి. ఉల్లి రసంలోని గంధకపు పదార్థాలు కూడా నలుపును ఆపగలవు. వేడిచేసిన ఉల్లి రసం పచ్చిదానికంటే బాగా పనిచేసిందని పియర్ పండ్ల మీద చేసిన ప్రయోగాల్లో తేలింది. సరే, ఉల్లి వాసన వేసే పండు ఎవరు తింటారు? గ్రీన్ టీ సంగతి ఇంకా తిరకాసు: దాని కాటెకిన్లు కూడా ఫినాల్సే కాబట్టి మోతాదు తప్పితే అవే రంగెక్కుతాయి.

ఇంత వెతుకులాట ఎందుకంటే, ఒకప్పుడు హోటళ్లు వాడిన సల్ఫైట్లు కొందరు ఉబ్బసం రోగుల ప్రాణం మీదికి తెచ్చాయి. పచ్చిగా తినే పండ్లు, కూరగాయల మీద వాటిని చల్లడాన్ని అమెరికా 1986లో నిషేధించింది.

కాస్త గోధుమ రంగు తిరిగిన ఆపిల్ ముక్క తింటే ఏమీ కాదు. అసలు జాగ్రత్త పడాల్సింది తెల్లగా మెరిసే ముక్కతోనే. నిమ్మరసం రంగును ఆపుతుంది గానీ, ఎండలో బండి మీద గంటల తరబడి ఉన్న ముక్కల్లో సూక్ష్మజీవులు పెరగవని చెప్పలేం.