ఒక ఊరు... రెండు జట్లు!

ఒకే వీధిలో రెండు చీరల కొట్లుంటే బేరం పంచుకోవాల్సి వస్తుందని కొట్లవాళ్లు బెంగపడతారు. కానీ ఆ వీధికొచ్చే జనం పెరుగుతారు. మరి ఒకే ఊళ్లో రెండు ఆటల జట్లుంటే? లీగుకి లాభమా, నష్టమా? జవాబు కావాలంటే కోల్‌కతా వంటిళ్లలోకి ఓసారి తొంగి చూడాలి.

రొయ్యలా... పులసా?

అక్కడ మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ ఫుట్‌బాల్ క్లబ్బులు బద్ధ ప్రత్యర్థులు. మొదటిది 1889లో, రెండోది 1920లో పుట్టాయి. తూర్పు బెంగాల్ నుంచి వలసొచ్చిన కుటుంబాల అభిమానం ఎక్కువగా రెండోదానికే. మోహన్ బగాన్ గెలిస్తే ఇంట్లో రొయ్యల కూర. ఈస్ట్ బెంగాల్ గెలిస్తే ఇలిష్ చేప, అదే మన గోదావరి పులస! పుట్టింటిది ఒక జట్టు, అత్తింటిది ఇంకో జట్టు అయితే ఆ కోడలి పాట్లు చూడాలి!

1997 జులై 13న ఈ రెండూ ఫెడరేషన్ కప్ సెమీఫైనల్లో తలపడితే సాల్ట్‌లేక్ స్టేడియానికి లక్షా ముప్ఫై వేలమందికి పైగా వచ్చారు. ఏ ప్రకటనలు పెడితే ఇంతమంది వస్తారు చెప్పండి?

2014లో ఇండియన్ సూపర్ లీగ్ మొదలైనప్పుడు కోల్‌కతాకి ఒకే ఒక్క కొత్త జట్టునిచ్చారు. అది మూడుసార్లు కప్పు గెలిచింది. అయినా ఊరికి అసలు పండగ రాలేదు. 2020లో ఆ జట్టు మోహన్ బగాన్‌తో కలిసింది, ఈస్ట్ బెంగాల్ కూడా లీగులోకొచ్చింది. అప్పుడే ఆ పోటీ లీగుకి దక్కింది.

వేళ్లుంటేనే...

అలాగని ప్రతి ఊరికీ రెండేసి జట్లు పంచితే సరిపోదు. ఆ లీగులో హైదరాబాద్‌కి ఉండేది ఒక్కటే. 2022లో సూపర్ లీగ్ గెలిచింది కూడా. అయినా డబ్బు కష్టాల్లో పడి, 2025లో ఢిల్లీకి తరలిపోయింది. తరాల అభిమానం కొనుక్కుంటే రాదు మరి!

పోటీ ముదిరితే ప్రమాదమే. 1980 ఆగస్టు 16న ఈడెన్ గార్డెన్స్‌లో ఈ రెండు జట్ల మ్యాచ్‌లో గొడవ జరిగి 16 మంది అభిమానులు చనిపోయారు.

కానీ 2024 ఆగస్టులో అదే ఊరు ఇంకో ముఖం చూపించింది. ఆస్పత్రిలో యువ వైద్యురాలిపై జరిగిన అత్యాచారం, హత్యతో నగరం అట్టుడికిపోతోంది. భద్రత పేరుతో ఈ రెండు జట్ల మ్యాచ్ రద్దుచేశారు. అయినా ఇరుపక్షాల అభిమానులూ స్టేడియం దగ్గరికొచ్చి, ఆమెకి న్యాయం కావాలని ఒకే గొంతుతో నినదించారు.

మరి అమ్మాయిల ఆట?

2024-25 ఇండియన్ విమెన్స్ లీగ్ గెలిచింది ఈస్ట్ బెంగాలే. అందులో మన నిజామాబాద్ అమ్మాయి గుగులోత్ సౌమ్య ఆడింది. కానీ ఆ లీగులో మోహన్ బగాన్ జట్టే లేదు! నూరేళ్ల పోటీ అమ్మాయిల దాకా వచ్చేసరికి ఎందుకాగిపోవాలి? వాళ్లూ ఎదురెదురుగా నిలబడితే లాభం లీగుకే.

ఆ రోజు వంటింట్లో రొయ్యలా, పులసా అన్నది అమ్మాయిలే తేలుస్తారు!