లౌడుస్పీకరు లోపలి కథ

పాత రేడియో పెట్టెల ముందుభాగమున నేతబట్టతో ఒక తెర ఉండును. వార్తలు గాని, సంగీత కచేరి గాని, హరికథ గాని ఆ తెర వెనుకనుండియే ఇంటిల్లిపాదికి వినవచ్చెడిది. వాల్వులను గూర్చియు, ఏరియలును గూర్చియు మాటలాడుకొనువారు పలువురు కలరు కాని, తెర వెనుకనున్న లౌడుస్పీకరును గూర్చి ఆలోచించువారు తక్కువ. రేడియో సెట్టులో తక్కిన భాగములన్నియు విద్యుత్తుతో వ్యవహరించునవే. ఆ విద్యుత్తును మన చెవికి అందెడు గాలికదలికగా మార్చునది ఈ ఒక్క భాగమే. ఇది చెడినచో తక్కినవన్నియు ఎంత బాగున్నను ఫలము లేదు.

మా మేనమామగారి ఇంట అట్టి పాత సెట్టు ఒకటి కలదు. కొన్నియేండ్ల క్రిందట అది బొంగురుపోయినది. మృదంగము మ్రోగినపుడెల్ల ఏదో గీసికొనుచున్నట్లు గరగర వినబడుచుండెను. బాగుచేయుటకు వచ్చిన పనివాడొకడు స్పీకరును విప్పి, అయస్కాంతమును ఊడదీసి, శుభ్రముగా తుడిచి, తిరిగి బిగించెను. గరగర పోయినది. కాని దానితోపాటు స్వరములోని సత్తువయు పోయినది. మీట ఎంత త్రిప్పినను మునుపటి బిగ్గరదనము రాలేదు. ఆ పనివాడు చేసిన తప్పేమి? ఇది తెలియవలెనన్న లౌడుస్పీకరు ఎట్లు పుట్టినదో, దానిని ఎట్లు కూర్చుదురో కొంత తెలిసికొనవలెను.

1876లో అలెగ్జాండరు గ్రాహంబెల్ టెలిఫోనుకు పేటెంటు పొందెను. టెలిఫోనులో చెవికి ఆనించుకొను భాగమే లౌడుస్పీకరుకు అమ్మమ్మ వంటిది. కాలక్రమమున దానికి ఏర్పడిన నిర్మాణము సులభమైనది. ఒక శాశ్వత అయస్కాంతము. దాని ధ్రువముల చుట్టును సన్నని రాగితీగ చుట్ట. ఆ ధ్రువములకు మిక్కిలి చేరువగా, అంచునందు బిగింపబడిన పలుచని ఇనుపరేకు. తీగలో విద్యుత్తు హెచ్చుతగ్గులగు కొలది ఆకర్షణ హెచ్చుతగ్గులగును, రేకు కంపించును, గాలి కదలును, మాట పుట్టును.

ఇచట ఒక సందేహము కలుగవచ్చును. తీగచుట్టలో విద్యుత్తు ప్రవహించినచో దానంతట అదియే అయస్కాంతమగును గదా, వేరుగా శాశ్వత అయస్కాంతమెందులకు? కారణమిది. విద్యుత్తు ఏ దిక్కున ప్రవహించినను చుట్ట ఇనుమును లాగునే గాని త్రోయదు. కావున ఒక్కొక్క తరంగమునకు రేకు రెండుమారులు లాగబడును. అనగా గాయకుడు మధ్యస్థాయి షడ్జము పాడినచో మనకు తారాషడ్జము వినబడును. శాశ్వత అయస్కాంతము రేకును ఎల్లపుడు కొంత లాగి ఉంచుచుండగా, విద్యుత్తు ఒకమారు ఆ బలమును హెచ్చించును, మరియొకమారు తగ్గించును. అప్పుడు పాడిన స్వరమే వినవచ్చును.

1920 నవంబరు 2న అమెరికాలోని పిట్స్‌బర్గు నగరమున కె.డి.కె.ఎ. రేడియో స్టేషను ప్రసారములు ప్రారంభించెను. ఆ తొలినాళ్లలో శ్రోతలకు చెవులకు తగిలించుకొను హెడ్‌ఫోనులే గతి. ఒక జతతో ఒక్కరే వినవలెను. ఇంటివారందరును వినవలెనను ఆశతో హెడ్‌ఫోనును పింగాణి గిన్నెలో పెట్టి, చుట్టును తలలు చేర్చి వినెడివారట. రేడియో ఒక్కరి సొత్తుగా మిగులునా, కుటుంబమంతటికి చెందునా అను ప్రశ్న లౌడుస్పీకరు మీదనే ఆధారపడి యుండెను.

మొదటి ఉపాయము గ్రామఫోనునుండి వచ్చినది. టెలిఫోను రేకు ముందు హంసమెడవలె వంగిన బూరను అమర్చిరి. చిన్నరేకు బయటిగాలిలో కంపించినచో గాలి ప్రక్కలకు తప్పుకొనును. రేకు శ్రమ వ్యర్థమగును. బూర సన్నని గొంతులో గాలి తప్పుకొనుటకు చోటులేదు. అందు కలిగిన కదలిక క్రమముగా వెడల్పగు దారిలో నడచి, నోటివద్ద విశాలమైన గాలిని కదలించును.

కాని బూరలో పెద్ద లోపముండెను. సెకనుకు 100 కంపనములు గల మంద్రస్వరమునకు గాలిలో తరంగదైర్ఘ్యము సుమారు 3.4 మీటర్లు. అట్టి స్వరమును బూర చక్కగా వెలువరింపవలెనన్న దాని నోటి చుట్టుకొలతయు ఇంచుమించు అంత ఉండవలెను. అనగా నోటి వెడల్పు ఒక మీటరును మించవలెను. బల్లమీద నిలుపు బూరల నోరు అడుగు, అడుగున్నరకు మించెడిది కాదు. అందువలన పురుషుని కంఠము రేకుడబ్బాలోనుండి వచ్చినట్లు వినబడెడిది.

బూర అడుగున ఒక మరమీట ఉండెడిది. దానిని త్రిప్పి రేకునకు అయస్కాంతమునకు నడుమ సందును తగ్గించిన కొలది బిగ్గరదనము హెచ్చును. అత్యాశతో మరికొంత త్రిప్పినచో రేకు అయస్కాంతమునకు అతుకుకొని స్వరము ఆగిపోవును. తీగలను కలుపుటలోను జాగ్రత్త కావలసి యుండెను. వాల్వు నుండి వచ్చు నిలుకడ విద్యుత్తు చుట్టగుండ పోవుటచే, తీగలు తారుమారైనచో అయస్కాంతబలము కాలక్రమమున క్షీణించును. అందుచేతనే వాటి కొనలకు ధన, ఋణ చిహ్నములు వేసెడివారు.

రేకును మెరుగుపరుప యత్నించినవారు కలరు. ఇంగ్లండులో ఎస్.జి. బ్రౌన్ ఇనుపరేకుకు మారుగా చిన్న ఉక్కునాలుకను అయస్కాంతమెదుట నిలిపి, దానికి తేలికయైన అల్యూమినియపు శంకువును బిగించెను. అమెరికాలోని యూటా రాష్ట్రమునకు చెందిన నథానియల్ బాల్డ్విన్ అయస్కాంతధ్రువముల నడుమ ఒక ఇనుపకడ్డీని త్రాసుకాడవలె తూచి నిలిపి, దాని కదలికను సన్ననిపుల్లతో అభ్రకపు బిళ్లకు అందించెను. 1910 ప్రాంతమున అమెరికా నౌకాదళము ఆతని హెడ్‌ఫోనులను కొనెను. ఈ త్రాసుకాడ పద్ధతినే తరువాత పెద్ద కాగితపు శంకువులకు తగిలించి, బూర లేకుండ స్పీకరులు చేసిరి. అయినను ఇనుము కదలునట్టి ఏ పద్ధతిలోనైనను ఒక చిక్కు తప్పదు. ఇనుము ధ్రువమునకు చేరువైన కొలది ఆకర్షణ విపరీతముగా హెచ్చును. కావున అది కొద్దిగా కదలినంతకాలమే నమ్మకముగా పనిచేయును. మంద్రస్వరములకో, పెద్దకదలిక అవసరము.

దీనికి విరుగుడు ఇనుమును కదలనీయక, తీగచుట్టనే కదలించుట. ఈ ఊహ క్రొత్తది కాదు. జర్మనీలో వెర్నర్ సీమెన్స్ 1874లోనే కదలుచుట్టకు పేటెంటు కోరెను. ఇంగ్లండులో ఆలివర్ లాడ్జి 1898లో ఇట్టి టెలిఫోనుకు పేటెంటు పొందెను. కాని విద్యుత్తును పెంచు వాల్వులు అప్పటికి లేవు. చుట్టను బలముగా నడుపు శక్తి దొరకలేదు. కాలిఫోర్నియాలో పీటర్ జెన్సెన్, ఎడ్విన్ ప్రిడమ్ అను ఇరువురు కదలుచుట్టకు బూరను తగిలించి, 1915 డిసెంబరు 24న శాన్‌ఫ్రాన్సిస్కో పురమందిరమువద్ద గుమిగూడిన జనులకు సంగీతమును, ప్రసంగములను వినిపించిరి. దానికి వారు పెట్టిన మాగ్నవాక్సు అను పేరునకు లాటిను భాషలో గొప్ప గొంతుక అని అర్థము. 1919 సెప్టెంబరులో అధ్యక్షుడు విల్సన్ శాండియాగో నగరమున విశాలమైన క్రీడారంగములో చేసిన ప్రసంగమును ఇట్టి పరికరములే జనసమూహమునకు అందించినవి.

బూరను తీసివేసి, గృహములకు తగిన రూపమును నిలిపినవారు అమెరికాలోని జనరల్ ఎలక్ట్రిక్ సంస్థకు చెందిన చెస్టరు రైస్, ఎడ్వర్డ్ కెల్లాగ్. వారు 1925లో తమ పరిశోధనను ప్రకటించిరి. 1926లో ఆ స్పీకరు అంగడికి వచ్చినది. అందలి ముఖ్యాంశములు మూడు. మొదటిది, చుట్టకు చిన్న కాగితపు శంకువును అతికించుట. రెండవది, శంకువును అంచున బిగదీయక మెత్తగా వ్రేలాడదీయుట. బిగదీసినచో అది తప్పెటవలె తన సొంతశ్రుతిలో మ్రోగును, మెత్తగా నిలిపినచో ఆ సొంతశ్రుతి మనకు కావలసిన స్వరములకు దిగువకు పోవును. మూడవది, శంకువు చుట్టును పలక నిలుపుట. శంకువు ముందునకు వచ్చినపుడు ముందరి గాలి నొక్కుకొనును, వెనుక గాలి పలుచబడును. నడుమ అడ్డములేనిచో ఈ రెండును అంచు చుట్టివచ్చి కలిసికొని, మంద్రస్వరములు చల్లారిపోవును. స్పీకరును పెట్టెనుండి వెలికి తీసి వినినవారికి ఈ సంగతి అనుభవమే. చెక్కపెట్టె అలంకారమునకు మాత్రమే కాదు. అదియు స్పీకరులో భాగమే.

ఇక కూర్పు సంగతి. అయస్కాంతమునకు ముందువైపున మందపాటి ఇనుపపలక. పలక నడుమ గుండ్రని రంధ్రము. ఆ రంధ్రములో, పలకకు తగులకుండ, ఇనుపకుదురు. కుదురునకు రంధ్రపు అంచునకు నడుమ వలయాకారమైన సందు మిగులును. దాని వెడల్పు గృహముల స్పీకరులలో ఇంచుమించు ఒక మిల్లీమీటరు. అయస్కాంతబలమంతయు ఈ సందులోనే గుమిగూడును. కాగితపు గొట్టముపై సన్నని ఎనామిలు పూత తీగను రెండువరుసలుగా చుట్టిన వాయిస్ కాయిలు ఈ సందులో నిలిచి, ముందునకు వెనుకకు ఆడవలెను. దానికి ఇరువైపుల మిగులు ఖాళీ మిల్లీమీటరులో నాలుగవవంతు మాత్రమే. సందు పెంచినచో బలము తగ్గును; తగ్గించినచో కాయిలు రాచుకొనును. లౌడుస్పీకరు విద్య అంతయు ఈ వెండ్రుకవాసి బేరములోనే కలదు.

కాయిలును సందు నడుమ నిలుపునది స్పైడరు, అనగా సాలెపురుగు. తొలిదినములలో దానిని బేకలైటు రేకునుండి సాలెపురుగు కాళ్లవలె కత్తిరించి, నడుమ మరతో కుదురునకు బిగించెడివారు. అందుచేతనే ఆ పేరు. తరువాత బేకలైటు పూసిన బట్టను గుండ్రని మడతలుగా అచ్చొత్తి, కాయిలు చుట్టును అమర్చిరి. శంకువును కొందరు కాగితము చుట్టి అతికించెడివారు. మేలైన పద్ధతిలో గుజ్జును జల్లెడ అచ్చుపై దించి అతుకులేకుండ చేయుదురు. కదలుచున్న కాయిలునుండి బయటకు వచ్చు తీగ మామూలు రాగితీగయైనచో అనతికాలముననే తెగును. అందుకై దారమునకు లోహపురేకు చుట్టిన తీగను వాడుదురు. మన పట్టుచీరల జరీపోగు ఎట్టిదో అదియు అట్టిదే.

కూర్చువాడు ముందుగా చట్రమును ఇనుపపలకకు బిగించును. కుదురునకు కాయిలుకు నడుమ సన్నని కాగితము లేక ఫిల్ము ముక్కలను సమానదూరములలో నిలిపి, కాయిలును సరిగా నడిమికి తెచ్చును. స్పైడరు అంచును, శంకువు అంచును జిగురుతో అతికించి ఆరనిచ్చును. పిమ్మట ఆ ముక్కలను లాగివేసి, వ్రేళ్లతో శంకువును మెల్లగా నొక్కి, చెవిపెట్టి వినును. ఏమాత్రము గీత వినబడినను పని మొదటికి వచ్చినట్లే. చివరకు నడుమ దుమ్ము చొరకుండ చిన్న టోపీని అతికించును. శాశ్వత అయస్కాంతము గల స్పీకరులలో పెక్కింటిని ముందు కూర్చి, ఆ పిదపనే బలమైన విద్యుత్తుతో అయస్కాంతీకరింతురు.

తొలి స్పీకరులలో ఈ బలమునకు విద్యుదయస్కాంతమునే వాడిరి. ఉక్కు అయస్కాంతములు అప్పటికి చాలినంత బలము గలవి కావు. ఆ ఫీల్డు కాయిలునకు సెట్టునుండియే విద్యుత్తు వచ్చుచు, దానిని నునుపుచేయు చోకుగా కూడ అది పనిచేసెడిది. అట్టి సెట్టు ఎవరింటనైన ఉన్నచో, అది పనిచేయుచుండగా స్పీకరు తీగలను ముట్టరాదు. వానిలో ప్రాణాపాయకరమైన వోల్టేజి ఉండును. 1931లో జపాను శాస్త్రజ్ఞుడు మిషిమా ఇనుము, నికెలు, అల్యూమినియము కలిపి బలమైన అయస్కాంతలోహము కనుగొనెను. దానికి కోబాల్టు చేర్చగా ఆల్నికో ఏర్పడినది. రెండవ ప్రపంచయుద్ధము తరువాతి గృహరేడియోలలో ఫీల్డు కాయిలుకు మారుగా ఇట్టి శాశ్వత అయస్కాంతములే వ్యాపించినవి.

ఇప్పుడు మా మేనమామగారి సెట్టు సంగతి తేలినది. సందులో చేరిన ఇనుపరజను కాయిలునకు రాచుకొనుటచే గరగర కలిగినది. దానిని తీయుటకు శంకువువైపునుండి జిగురుకాగితపు కొనను సందులో దూర్చి, రజనును అద్ది తీయవలసి యుండెను. పనివాడు అయస్కాంతమునే ఊడదీసెను. ఆల్నికో తన ఇనుపదారిలో ఉన్నంతకాలమే తన బలమును నిలుపుకొనును. ఆ దారినుండి వెలికి తీయగనే దానిలోని కొంతబలము తనకు తానే నశించును. తిరిగి బిగించినను అది మరల రాదు. తుదకు అయస్కాంతీకరించు సాధనము గలవారివద్దకు పంపి, దానికి మరల బలము ఎక్కించిన పిదపనే మృదంగము మృదంగమువలె వినవచ్చినది.

కావున పాత సెట్టు బొంగురుపోయినదని వెంటనే పారవేయనక్కరలేదు. శంకువు చిరిగినచో పలుచని కాగితముతో అతుకవచ్చును. కాయిలు నడిమికి రాకున్నచో తెచ్చుకొనవచ్చును. అయస్కాంతపు మరలను మాత్రము విప్పనీయరాదు. నేడు అరచేతిలో ఇమిడెడు ఫోనులోని చిన్న స్పీకరులో సైతము అదే అయస్కాంతము, అదే సందు, అదే కదలుచుట్ట కలవు. నూరేండ్ల క్రిందట గిన్నె చుట్టును తలలు చేర్చి వినినవారి కోరికను తీర్చినది ఆ వెండ్రుకవాసి సందే.