వెలుగుతో కంటి నరాన్ని కాపాడొచ్చా?

నీటికాసులు చెప్పి రావు. చాలామందిలో నొప్పి ఉండదు, ఎరుపూ ఉండదు. చూపు ముందుగా పక్కల నుంచి తగ్గుతూ వస్తుంది. ఎదురుగా ఉన్నది బాగానే కనబడుతుంది కాబట్టి మనకు అనుమానం రాదు. తెలిసేసరికి పోయిన చూపు తిరిగి రాదు. అందుకే 'మినుకుమనే దీపం ముందు రోజూ కూర్చుంటే కంటి నరం బతుకుతుందట, నిజమేనా?' అని బీపీ, షుగర్ పరీక్షలకు వచ్చేవారు అడిగినప్పుడు ఆ ఆశ అర్థమవుతుంది. ఇందులో నిజమెంతో చూద్దాం.

కంట్లో ఉన్నా మెదడు కణాలే

కంటి వెనక రెటీనాలో సుమారు 10 లక్షల గాంగ్లియాన్ కణాలుంటాయి. వీటి తీగలన్నీ కలిసి కంటి నరంగా మారి మెదడుకు చేరతాయి. అంటే ఇవి ఒకరకంగా మెదడులో భాగమే. నీటికాసుల్లో చనిపోయేవి ఇవే. మన శరీరం వీటిని మళ్లీ పుట్టించుకోలేదు. కంట్లో పీడనం పెరగటం దీనికి ముఖ్య కారణం. అయితే కొందరిలో పీడనం మామూలుగా ఉన్నా నరం దెబ్బతింటుంది. అందుకే నరాన్నే నేరుగా కాపాడే మార్గం కోసం శాస్త్రవేత్తలు వెతుకుతున్నారు.

దీపం సంగతేమిటి?

2016లో అమెరికాలోని ఎం.ఐ.టి. శాస్త్రవేత్తలు అల్జీమర్స్ లక్షణాలున్న ఎలుకలకు సెకనుకు 40 సార్లు వెలిగి ఆరే కాంతిని చూపించారు. చూపుకు సంబంధించిన మెదడు భాగంలో అమిలాయిడ్ అనే హానికర ప్రొటీన్ తగ్గిందని ప్రకటించారు. కాంతి మెదడుకు చేరేది గాంగ్లియాన్ కణాల ద్వారానే కాబట్టి, వాటికీ మేలు జరగొచ్చన్న ఆలోచన వచ్చింది. అయితే 2023లో న్యూయార్క్ శాస్త్రవేత్తలు ఇలాంటి ప్రయోగమే చేస్తే ఆ ఫలితం కనిపించలేదు. ఎలుకల్లోనే ఇంకా తేలని విషయమిది. నీటికాసుల చికిత్సలో ఈ దీపానికి ఇప్పటికైతే చోటు లేదు. పైగా మినుకుమనే వెలుగు కొందరు మూర్ఛ రోగుల్లో ఫిట్స్ తెప్పించొచ్చు, మైగ్రేన్‌నూ రేపొచ్చు.

పనిచేసే వెలుగు ఒకటుంది. అది లేజర్. బ్రిటన్‌లో 718 మందిపై చేసి 2019లో వెలువరించిన అధ్యయనంలో, ముందుగా లేజర్ చేయించుకున్నవారిలో నూటికి 74 మందికి మూడేళ్ల దాకా చుక్కల మందు అవసరం పడలేదు. ఇది ఎవరికి సరిపోతుందో కంటి వైద్యులు చెబుతారు. లేజరైనా, చుక్కలైనా, ఆపరేషనైనా చేసేది పీడనం తగ్గించటమే. ఇప్పటికి రుజువైన రక్షణ అదే.

ఎవరు జాగ్రత్తపడాలి?

1996-2000 మధ్య ఎల్వీ ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ చేసిన రాష్ట్రవ్యాప్త సర్వేలో మన పశ్చిమ గోదావరి పల్లెలూ ఉన్నాయి. నీటికాసులు బయటపడినవారిలో నూటికి 90 మందికి పైగా అప్పటిదాకా జబ్బు ఉన్నట్టే తెలియదు. కాబట్టి 40 ఏళ్లు దాటినవారు, అమ్మానాన్నల్లో గానీ తోబుట్టువుల్లో గానీ ఈ జబ్బున్నవారు, షుగర్ ఉన్నవారు, మైనస్ పవర్ ఎక్కువున్నవారు పీడనంతో పాటు కంటి నరాన్నీ పరీక్ష చేయించుకోవాలి.

నూర్పిళ్లప్పుడు కంట్లో ఊక పడిందనో, కన్ను ఎర్రబడిందనో మందుల షాపులో చుక్కలు కొని నెలల తరబడి వేసుకోవద్దు. వాటిలో స్టిరాయిడ్ ఉంటే పీడనం పెరిగి నీటికాసులు రావొచ్చు.

చుక్కలు వాడుతుంటే...

* మీ ఇష్టానికి ఆపొద్దు. చూపులో తేడా తెలియకపోయినా లోపల నరం దెబ్బతింటూనే ఉంటుంది.
* ఒక్క చుక్క చాలు. వేశాక కన్ను మూసి, ముక్కు పక్కనున్న కంటి కొనను వేలితో రెండు నిమిషాలు నొక్కి ఉంచండి. మందు ఒంట్లోకి పోవటం తగ్గుతుంది.
* ఉబ్బసం, గుండె నెమ్మదిగా కొట్టుకోవటం వంటివి ఉంటే కంటి వైద్యులకు తప్పక చెప్పండి. టిమొలాల్ చుక్కలతో ఇవి ఎక్కువవుతాయి. అలాగే మా దగ్గరికి వచ్చినప్పుడు చుక్కల సీసా కూడా తీసుకురండి.
* ఉన్నట్టుండి కన్ను బాగా నొప్పి పెట్టి, ఎర్రబడి, చూపు మసకబారినా, వాంతులైనా, దీపం చుట్టూ రంగుల వలయాలు కనిపించినా తెల్లారేదాకా ఆగకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

దీపంపై పరిశోధనలు సాగుతున్నాయి, సాగాలి కూడా. ఫలితం తేలేదాకా మిగిలిన చూపును కాపాడేది పూట తప్పకుండా వేసుకునే చుక్కలూ, క్రమం తప్పని పరీక్షలే.