ఆర్డర్లు కాదు, గల్లాపెట్టె చూడాలి

1982లో పూర్తయిన నారాయణపుర డ్యాం కుడి కాలువ నీళ్లు అందబట్టే మన దేవదుర్గ తాలూకాలో ఎన్నో బీళ్లు పొలాలయ్యాయి. డ్యాం అయినా, కాలువ అయినా, రోడ్డయినా కట్టడానికి కాంట్రాక్టరు కావాలి. ఈ రంగంలో తెలుగువారు దేశవిదేశాల్లో పేరు తెచ్చుకున్నారు. మన పిల్లలు ఆ కంపెనీల్లో ఇంజనీర్లుగా చేరుతున్నారు. మనలో కొందరు వాటికి టిప్పర్లు, జేసీబీలు అద్దెకిస్తున్నారు. కనుక వాటి మంచిచెడ్డలు మనకూ అవసరమే.

నిర్మాణ వ్యాపారం లెక్క వేరు. పని దక్కాలంటే ముందు బ్యాంకు గ్యారంటీ ఇవ్వాలి. పని ఇచ్చినవారు కొంత అడ్వాన్సు ఇచ్చి, తర్వాత బిల్లుల్లో కోసుకుంటారు. బిల్లు ఆలస్యమైతే సిమెంటుకూ, కూలీలకూ అప్పు తేవాలి. నూటికి మూడు నాలుగు రూపాయలు మిగలడమే గొప్ప అయిన ఈ వ్యాపారంలో ఆ కాస్తా వడ్డీకే సరిపోతుంది.

బ్రిటన్‌లో రెండో పెద్ద నిర్మాణ సంస్థ కారిలియన్ సంగతే చూడండి. ఆర్డర్లకు కొదవ లేదు, డివిడెండ్లూ పంచింది. 2018 జనవరిలో మూతపడేనాటికి బ్యాంకులో మిగిలిన నగదు 2.9 కోట్ల పౌండ్లు. దాదాపు 30 వేల మంది సరఫరాదారులకు, చిన్న కాంట్రాక్టర్లకు బాకీ పడింది.

మనవాళ్ల కథలూ ఉన్నాయి. ఫ్రాన్సుకు చెందిన విన్సీ కట్టడంతో ఆగక టోల్ రోడ్లు, విమానాశ్రయాలు నడిపి నిలకడగా ఆదాయం పొందుతుంది. మన కంపెనీలూ ఆ బాట పట్టాయి, కాని అప్పు మీద. లాంకో 2011లో ఆస్ట్రేలియాలో గ్రిఫిన్ బొగ్గు గనులు కొన్నది. 2018లో లిక్విడేషన్‌కు వెళ్లింది. చెన్నై దగ్గర మీంజూరులో సముద్రపు నీటిని మంచినీరుగా మార్చే ప్లాంటు నిర్మాణంలో భాగస్వామి అయిన ఐవీఆర్‌సీఎల్‌కు 2019లో అదే గతి పట్టింది. జీఎంఆర్ 2010లో మాల్దీవుల మాలె విమానాశ్రయం దక్కించుకుంటే, 2012లో అక్కడి ప్రభుత్వం ఒప్పందం రద్దు చేసింది. మధ్యవర్తిత్వంలో గెలిచి సుమారు 27 కోట్ల డాలర్ల పరిహారం అందుకునేసరికి 2016 వచ్చింది. గెలిచినా నాలుగేళ్లు ఆగగల సత్తా ఉండాలి కదా!

1978లో హైదరాబాదులో మొదలైన నాగార్జున కన్‌స్ట్రక్షన్, అంటే నేటి ఎన్‌సీసీ, కూడా విద్యుత్తులోకి దిగింది. కాని నెల్లూరు జిల్లా థర్మల్ ప్రాజెక్టులోని వాటాను సింగపూరు సంస్థ సెంబ్‌కార్ప్‌కు వదులుకుని కట్టడం పనికే ప్రాధాన్యమిచ్చింది. నేటికీ నిలిచి ఉంది. వెనక్కి తగ్గడం కూడా వ్యూహమే.

షేరు కొనేవారూ, ఉద్యోగంలో చేరేవారూ వార్షిక నివేదికలో మూడు అంకెలు చూడాలి: వ్యాపారం వల్ల చేతికొచ్చిన నగదు, రావలసిన బాకీలు, కట్టిన వడ్డీ. లాభం పెరుగుతూ నగదు తరుగుతుంటే జాగ్రత్తపడాలి.

యంత్రాలు అద్దెకిచ్చేవారికి మరొక్క మాట. కంపెనీ దివాలా తీస్తే 2016 నాటి చట్టం ప్రకారం తాకట్టు ఉన్న బ్యాంకులు, కార్మికుల జీతాలు ముందు వరుసలో ఉంటాయి. అద్దె బాకీలు బాగా వెనుక. కనుక ఒప్పందం కాగితం మీద రాయించుకోండి. కంపెనీ ఎంత పెద్దదైనా రెండు నెలలకు మించి బాకీ పేరుకోనివ్వకండి.